గోదురుకప్ప – అగ్గితెగులు : ఒక తులనాత్మక పరిశీలన

ఒక జీవిని మరొక జీవితో పోల్చి చూడడం జీవశాస్త్రంలో తొలి పాఠం. పిల్లిని పులితోను, కాకిని కోకిలతోను పోల్చడం మనందరికీ పరిచితమే. కాని గోదురుకప్పను, వరి పైరును మాడ్చే అగ్గితెగులు శిలీంధ్రంతో పోల్చి చూడమంటే వినేవారు నవ్వక మానరు. "కప్పల తక్కెడ" అనే నానుడి మనకు ఉండనే ఉన్నది. కప్పను కప్పతో తూచడమే కష్టమైనప్పుడు, ఒక పళ్ళెంలో కప్పను, రెండవ పళ్ళెంలో కంటికి కనిపించని బూజును ఉంచి తూచబూనడం వృథా ప్రయాసగా తోచవచ్చు. అయినప్పటికీ ఈ పోలిక వ్యర్థం కాదని, మన అన్నపు కంచానికి, మన పొలాలకు సంబంధించిన ఒక ముఖ్య విషయం ఇందులో ఇమిడి ఉన్నదని ఈ వ్యాసంలో వివరించ ప్రయత్నిస్తాము.

కోఠి పాత పుస్తకాల అంగళ్ళలోను, ఆదివారం నాడు ఆబిడ్స్ కాలిబాటల మీదను విద్యార్థులు కొనుక్కునే గ్రంథాలను గమనించండి. కప్ప జంతుశాస్త్ర గ్రంథంలో ఉంటుంది. శిలీంధ్రం వృక్షశాస్త్ర గ్రంథంలో ఉంటుంది. ఒక పుస్తకం చదివినవారు రెండవదాని జోలికి పోరు. ఈ విభజన పాఠ్యక్రమ సౌకర్యం కోసం ఏర్పడినది. పొలంలో మాత్రం ఆ రెండు జీవులూ ఒకే గట్టు మీద, ఒకే వానలో, ఒకే రాత్రివేళ పనిచేస్తుంటాయి.

పేర్లు – పరిచయం

మన ప్రాంతంలో ఇండ్ల పెరళ్ళలోను, తోటలలోను, తొలకరి వానల తరువాత వీధి దీపాల క్రిందను కనిపించే గరుకు చర్మపు కప్పను గోదురుకప్ప అంటారు. కొన్ని తావులలో బోదురుకప్ప అనడం కూడా కలదు. ఉర్దూలో సామాన్యంగా కప్పలన్నింటికీ "మేండక్" అన్న ఒక్క మాటే చెల్లుతుంది. జర్మన్ పండితుడు ష్నైడర్ 1799లో దీనికి శాస్త్రీయ నామకరణం చేసి, బ్యూఫో మెలనోస్టిక్టస్ అన్నాడు. మెలనోస్టిక్టస్ అనగా నల్లని చుక్కలు గలది అని అర్థం. దీని ఒంటి మీది బుడిపెల కొనలు నల్లగా ఉండడమే అందుకు కారణం. 2006లో శాస్త్రజ్ఞులు ఈ వర్గాన్ని పునఃపరిశీలించి, భారతీయ కప్పలపై విశేష కృషి చేసిన సుశీల్ కుమార్ దత్తా గౌరవార్థం దీనికి డుట్టాఫ్రైనస్ అనే ప్రజాతి నామాన్ని ఇచ్చారు. ఈ విధంగా మన పెరటి కప్ప పేరులో ఒక భారతీయ శాస్త్రవేత్త పేరు చిరస్థాయిగా నిలిచిపోయింది.

ఇక అగ్గితెగులును కలిగించే శిలీంధ్రం పేరు పైరిక్యులేరియా ఒరైజే. ఇటలీ దేశస్థుడైన కవారా పందొమ్మిదవ శతాబ్ది చివర దీనిని వర్ణించాడు. పైరిక్యులేరియా అన్న మాటకు మూలం బేరిపండు. దీని సిద్ధబీజం మూడు గదులతో బేరిపండు ఆకారంలో ఉంటుంది. దీనికే మాగ్నపోర్తే ఒరైజే అనే మరొక పేరు కూడా గ్రంథాలలో వ్యవహారంలో ఉన్నది. పేరు ఏదైనా రైతు దీనిని గుర్తించేది ఆకు మీది మచ్చలను బట్టి. నూలుకండె ఆకారంలో, మధ్య బూడిద రంగు, అంచున గోధుమ రంగు గల మచ్చలు మొదట విడివిడిగా పుట్టి, తరువాత కలిసిపోతాయి. పైరు నిప్పు సోకినట్లు మాడిపోతుంది. అందువల్లనే అగ్గితెగులు అన్న పేరు దీనికి అక్షరాలా తగినది. వెన్ను మెడ భాగానికి సోకితే దానినే మెడవిరుపు అంటారు. అప్పుడు వెన్ను వాలిపోయి, గింజ పాలు పోసుకోక తాలుగా మారుతుంది.

బంధుత్వం

ఇక్కడ పాఠకులను ఒక ప్రశ్న అడుగుతాము. గోదురుకప్ప, అగ్గితెగులు శిలీంధ్రం, వరి మొక్క – ఈ మూడింటిలో దగ్గరి చుట్టాలు ఏవి? శిలీంధ్రమూ వరి మొక్కా అని చాలామంది సమాధానమిస్తారు. రెండూ కదలవు, రెండూ వృక్షశాస్త్ర పుస్తకంలోనే ఉన్నాయి కనుక అది సహజమే. కాని ఆ సమాధానం సరి కాదు.

1969లో విట్టేకర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు జీవలోకాన్ని ఐదు రాజ్యాలుగా విభజించినప్పుడు శిలీంధ్రాలను మొక్కల నుండి వేరుచేసి వాటికి ప్రత్యేక రాజ్యాన్ని ఇచ్చాడు. తరువాత 1993లో జన్యు పదార్థాన్ని, ప్రోటీనులను పోల్చి చూసిన పరిశోధకులు మరింత విశేషమైన సంగతిని వెల్లడించారు. శిలీంధ్రాలు మొక్కలకన్నా జంతువులకే సమీప బంధువులని తేలింది. అనగా బహు ప్రాచీన కాలంలో వరి మొక్క పూర్వీకులు ఒక దారిన వేరుపడిన తరువాత కూడా, కప్పకు, బూజుకు మూలపురుషుడు ఒక్కడుగానే మిగిలి ఉన్నాడన్నమాట.

ఈ బంధుత్వానికి సాక్ష్యాలు ప్రయోగశాలలో సులభంగా కనిపిస్తాయి. వరి మొక్క తన ఆహారాన్ని పిండి పదార్థంగా నిల్వ చేసుకుంటుంది. గోదురుకప్ప తన కాలేయంలో గ్లైకోజన్ రూపంలో నిల్వ చేసుకుంటుంది. శిలీంధ్రం కూడా గ్లైకోజన్‌నే నిల్వ చేస్తుంది. మొక్క కణానికి గోడ సెల్యులోజ్‌తో నిర్మితమైనది. శిలీంధ్రపు గోడలో ప్రధానమైనది కైటిన్. ఈ కైటినే చీమలకు, పురుగులకు పై కవచమై ఉన్నది. గోదురుకప్ప రాత్రివేళ నాలుక చాచి పట్టి మింగే చీమ ఒంటి మీద ఏ పదార్థం ఉన్నదో, అగ్గితెగులు బూజు గోడలోను ఆ పదార్థమే ఉన్నది. కాగా తక్కెడలోని రెండు పళ్ళేలు మనం అనుకొన్నంత దూరంగా లేవు.

ఆహార విధానం

సూర్యరశ్మితో ఆహారం తయారుచేసుకొనే శక్తి ఈ రెండింటికీ లేదు. రెండూ పరుల మీద ఆధారపడవలసినవే. అయితే ఆ విధానంలో గొప్ప అంతరం ఉన్నది. గోదురుకప్ప మొదట మింగి, తరువాత జీర్ణం చేసుకుంటుంది. దానికి దంతాలు లేవు. చీమలు, చెదలు, పెంకు పురుగులు దాని ముఖ్యాహారం. శిలీంధ్రం మొదట జీర్ణం చేసి, తరువాత గ్రహిస్తుంది. అది ఎంజైములను తన శరీరం వెలుపలికి స్రవించి, ఆకు కణాలను కరిగించి, ఆ రసాన్ని పోగుల ద్వారా పీల్చుకుంటుంది. ఒకదానికి వంటిల్లు కడుపులో ఉంటే, రెండవదానికి వంటిల్లు ఎదుటివాని ఇంట్లోనే ఉన్నదని చెప్పవచ్చు.

నీటి విషయంలో మాత్రం వీటి పోలిక ఆశ్చర్యం గొలుపుతుంది. గోదురుకప్ప మనవలె నోటితో నీరు త్రాగదు. తడినేల మీద చతికిలబడి, పొట్ట క్రింది పలుచని చర్మం ద్వారా నీటిని పీల్చుకుంటుంది. శిలీంధ్రపు పోగు కూడా తన గోడ గుండానే నీటిని గ్రహిస్తుంది. చర్మమే నోరు కావడం ఈ రెండింటి బలము, బలహీనత కూడా. నీటితో పాటు నీటిలో కలిసిన విషం సైతం ఆ దారినే లోపలికి వస్తుంది. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకోవాలి. తరువాత దీనితో అవసరం ఉన్నది.

నలుపు రంగులోని బలం

గోదురుకప్ప వానాకాలంలో నీటి గుంటలలో పెట్టే గ్రుడ్లు విడివిడిగా ఉండవు. జిగురు పదార్థంలో కూర్చిన పొడవైన దండలుగా, వేల సంఖ్యలో ఉంటాయి. తెలుగింటి నల్లపూసల దండను, దక్కనీ ముస్లిం కుటుంబాలలో పెండ్లికూతురు ధరించే కాలీ పోత్ లచ్ఛాను చూచినవారికి ఆ పోలిక వెంటనే స్ఫురిస్తుంది. వాటి నుండి వెలువడే తోకకప్పలు కూడా నల్లనివే. ఈ నలుపుకు కారణం మెలనిన్ అనే వర్ణకం. తెరపి నీటిలో ఎండకు గురయ్యే లేత జీవాన్ని అతినీలలోహిత కిరణాల నుండి అది కాపాడుతుంది.

అగ్గితెగులు శిలీంధ్రానికి కూడా మెలనిన్ ఉన్నది. అక్కడ దాని పని రక్షణ కాదు, దండయాత్ర. గాలిలో తేలివచ్చిన సిద్ధబీజం మంచు పడిన వరి ఆకు మీద వాలి, జిగురుతో అతుక్కుని, మొలకెత్తుతుంది. మొలక కొన ఉబ్బి గుమ్మటం ఆకారంలో ఒక బుడిపెగా మారుతుంది. శాస్త్రజ్ఞులు దీనిని ఎప్రెసోరియం అంటారు. ఈ బుడిపె గోడకు లోపలివైపు మెలనిన్ పొర ఏర్పడుతుంది. లోపల గ్లిసరాల్ పేరుకుంటుంది. బయటి నీరు లోపలికి చొచ్చుకువస్తుంది గాని, మెలనిన్ అడ్డు ఉన్నందున గ్లిసరాల్ బయటికి పోలేదు. ఫలితంగా బుడిపెలో ఒత్తిడి పెరిగి పెరిగి, వాతావరణ పీడనానికి 80 రెట్ల వరకు చేరుతుందని 1991లో జరిగిన పరిశోధనలో వెల్లడైంది. మోటారు కారు చక్రంలోని గాలి ఒత్తిడికి ఇది సుమారు 40 రెట్లు! ఈ బలంతో ఒక సన్నని మేకు వంటి పోగు ఆకు పైపొరను ఛేదించుకుని లోపలికి దిగుతుంది. కంటికి కనిపించని జీవి ఇంతటి యంత్రాన్ని నిర్మించుకొనడం ప్రకృతి వైచిత్ర్యానికి నిదర్శనం. మెలనిన్ లేకపోతే ఈ యంత్రం పనిచేయదు. మెలనిన్ తయారు చేసుకోలేని శిలీంధ్రం ఆకు మీద మొలకెత్తినా లోపలికి ప్రవేశించలేదు.

వాన, మంచు, సంతానం

రెండు జీవులకూ తేమే ప్రాణం. ఎండాకాలంలో గోదురుకప్ప రాళ్ళ క్రిందను, పూలకుండీల క్రిందను, నేల బొరియలలోను దాగి ఉంటుంది. తొలి వాన పడగానే మగకప్పలు నీటి అంచున చేరి అరుస్తాయి. వానకు, కప్పకు గల ఈ సంబంధాన్ని మన పల్లెలు ఏనాడో గుర్తించాయి. వానలు వెనుకపట్టినప్పుడు తెలంగాణా గ్రామాలలో పిల్లలు రోకలికి కప్పను, వేపమండలను కట్టి ఇంటింటికీ తిరిగే కప్పతల్లి ఆట ఇందుకు తార్కాణం. ఇంటి ఇల్లాలు ఆ కప్ప మీద నీళ్ళు కుమ్మరిస్తుంది.

శిలీంధ్రానికి కావలసినది పెద్దవాన కాదు. సన్నని జల్లు, ఆకు మీద గంటల తరబడి నిలిచే మంచు, గాలిలో హెచ్చు తేమ, 20 డిగ్రీలకు దగ్గరగా ఉండే రాత్రి చల్లదనం. ఇటువంటి రాత్రులు కొన్ని వరుసగా వస్తే చాలు. ఆకులోనికి ప్రవేశించిన కొద్ది రోజులకే మచ్చ కనిపిస్తుంది. ఆ మచ్చ మీద మళ్ళీ వేల సిద్ధబీజాలు పుట్టి గాలికి ఎగిరిపోతాయి. ఒక పంటకాలంలోనే ఈ చక్రం అనేక పర్యాయాలు తిరుగుతుంది. గోదురుకప్పకు సంవత్సరానికి ఒక వానాకాలం. శిలీంధ్రానికి ప్రతి మంచురాత్రీ ఒక వానాకాలమే.

వేల గ్రుడ్లు, వేల సిద్ధబీజాలు – సంఖ్యలో సామ్యం ఉన్నది. కాని తోకకప్పలలో అధికభాగం చేపలకు, నీటి పురుగులకు, ఎండిపోయే గుంటలకు బలి అయిపోగా, మిగిలేవి కొద్ది. శిలీంధ్రపు సిద్ధబీజాలలో కూడా అత్యధికం ఎక్కడో పడి నశిస్తాయి. అయితే మనిషి ఒకే రకం వరిని వేల ఎకరాలలో ప్రక్కప్రక్కనే నాటినప్పుడు, ఎక్కడ పడ్డా అన్నమే దొరికే పరిస్థితిని ఆ బీజాలకు మనమే కల్పిస్తున్నాము. యూరియాను అవసరానికి మించి వేసినప్పుడు లేత ఆకు మరింత మెత్తనై తెగులుకు లొంగిపోతుంది. శత్రువు బలంలో కొంత భాగం మనమిచ్చిందే.

మన అన్నపు కంచం

ఈ తెగులు కొత్తది కాదు. 1637లో చైనాలో వెలువడిన ఒక గ్రంథంలోనే వరికి వచ్చే జ్వరంగా దీని ప్రస్తావన ఉన్నది. మన దేశంలో 1919లో తంజావూరు డెల్టాలో ఇది తీవ్ర నష్టం కలిగించింది. ప్రతి సంవత్సరం ప్రపంచంలో ఈ తెగులు వలన నష్టమయ్యే బియ్యం సుమారు 6 కోట్ల మందికి తిండి పెట్టగలదని అంచనా. 2012లో మొక్కల రోగ శాస్త్రజ్ఞులు ప్రపంచంలోని ముఖ్యమైన పది శిలీంధ్రాల పట్టికను తయారుచేసినప్పుడు దీనికే ప్రథమ స్థానం ఇచ్చారు.

ఈ పోరాటంలో మన హైదరాబాదుకు గౌరవప్రదమైన స్థానం కలదు. 1965లో అఖిల భారత సమన్వయ వరి అభివృద్ధి పథకం ఇక్కడే ఆరంభమైంది. అదే నేడు భారతీయ వరి పరిశోధన సంస్థ అనే పేరుతో రాజేంద్రనగరంలో పనిచేస్తున్నది. కొత్త వరి రకాలు అగ్గితెగులుకు తట్టుకోగలవా లేదా అని పరీక్షించడానికి ప్రత్యేకమైన నారుమళ్ళు ఉంటాయి. తెగులుకు సులభంగా లొంగే రకాన్ని చుట్టూ నాటి, కావాలనే తెగులును రప్పించి, మధ్యలోని రకాలలో ఏది నిలబడుతుందో చూస్తారు. వియత్నాం దేశపు టెటెప్ అనే పాత వరి రకం ఇటువంటి పరీక్షలలో గట్టిగా నిలిచి, ఎన్నో సంకరాలకు తల్లి అయింది. మన ఇండ్లలో అభిమానంగా తినే సాంబ మసూరి 1986లో బాపట్ల నుండి విడుదలైనది. సన్నని గింజకు, రుచికి పేరుపొందిన ఆ రకం అగ్గితెగులుకు లొంగిపోయే స్వభావం కలది. రుచి గల అన్నం తినాలనే మన కోరికకు, రైతు భరించవలసిన భయానికి మధ్య ఉన్న సంబంధం ఇది. నిరోధక శక్తి గల రకాన్ని సృష్టించినా, శిలీంధ్రం తన స్వరూపాన్ని మార్చుకుని కొన్నేళ్ళకు దానిని కూడా జయించగలదు. కనుక పరిశోధనకు విరామం లేదు.

గోదురుకప్ప ఈ పోరులో ఏ పక్షాన ఉన్నది? అది అగ్గితెగులును నివారించలేదు. బూజు దాని ఆహారం కాదు. కాని పైరును, గట్లను ఆశ్రయించిన పురుగులను తిని, పురుగుమందు అవసరాన్ని కొంత తగ్గించే కూలి అడగని కాపలాదారు అది. పచ్చకప్పల వంటివాటిని కాళ్ళ కోసం పట్టి విదేశాలకు పంపే వ్యాపారాన్ని భారత ప్రభుత్వం 1987లో నిషేధించింది. గోదురుకప్పకు ఆ ప్రమాదం రాలేదు. కళ్ళ వెనుక ఉన్న గ్రంథులలోని విషమే దానిని మనిషి కంచం నుండి కాపాడింది. దానిని తాకితే పులిపిరులు వస్తాయన్న నమ్మకంలో మాత్రం నిజం లేదు. పులిపిరులకు కారణం ఒక వైరస్. ఆ విషం నోటిలోకో కంటిలోకో పోతే ప్రమాదం గనుక, కప్పను పట్టినవారు చేతులు కడుగుకొనడం చాలు.

చోటు మారితే

ఇంతవరకు చూచినదానిని బట్టి గోదురుకప్ప మిత్రుడని, శిలీంధ్రం శత్రువని తీర్పు చెప్పి వ్యాసాన్ని ముగించవచ్చు. కాని విషయం అంత సులభం కాదు.

హిందూ మహాసముద్రంలోని మడగాస్కర్ ద్వీపంలో సహజంగా ఈ జాతి కప్పలే లేవు. 2014లో అక్కడి తొమాసినా రేవు పట్టణ పరిసరాలలో గోదురుకప్పలు కనిపించాయి. అవి ఆగ్నేయాసియా నుండి ఓడ సరుకులతో చేరినవని జన్యు పరీక్షల వలన తెలిసింది. మన దేశంలో జెర్రిపోతు వంటి పాములు తరతరాలుగా గోదురుకప్పను తింటూ దాని విషానికి అలవాటు పడ్డాయి. మడగాస్కర్ జంతువులకు ఆ అలవాటు లేదు. 2018లో అక్కడి 77 జాతులను జన్యుపరంగా పరిశీలించగా, ఒక్క ఎలుక జాతిలో తప్ప ఆ విషాన్ని తట్టుకునే లక్షణం కనిపించలేదు. మన పెరటిలో సాధువైన జీవి ఆ ద్వీపంలో విషపు ముద్ద అయింది. 1935లో చెరకు పురుగులను తింటుందని ఆస్ట్రేలియాకు సుమారు వంద పెద్దకప్పలను హవాయి నుండి కోరి తెప్పించిన కథ కూడా ఇటువంటిదే. చెరకు పురుగులు తగ్గలేదు, కప్పలు మాత్రం కోట్లయ్యాయి.

శిలీంధ్రం కథలో ఇదే ఘట్టం ఉన్నది. 1985లో బ్రెజిల్‌లో ఈ కుటుంబానికే చెందిన ఒక తెగ గోధుమ పైరుకు సోకింది. ముప్పది సంవత్సరాలు అది దక్షిణ అమెరికాలోనే ఉండిపోయింది. 2016లో హఠాత్తుగా బంగ్లాదేశ్‌లో సుమారు 15,000 హెక్టార్ల గోధుమ చేలలో ప్రత్యక్షమైంది. జన్యు పరీక్షలు దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాయేనని చూపాయి. సముద్రాలను దాటిన ఈ ప్రయాణం మనుషుల వర్తకంతో సాగినదే. వెంటనే మన ప్రభుత్వాలు పశ్చిమ బెంగాల్ సరిహద్దున గల నదియా, ముర్షిదాబాదు జిల్లాలలో గోధుమ సాగును కొంతకాలం ఆపించవలసి వచ్చింది.

మూడవ ఉదాహరణలో కప్ప, శిలీంధ్రం రెండూ ఎదురుపడతాయి. కప్పల చర్మానికి సోకే ఒక శిలీంధ్రాన్ని 1998లో కనుగొన్నారు. చర్మమే నోరు, చర్మమే ఊపిరి అయిన జీవికి చర్మరోగం ప్రాణాంతకం. జంతువుల వర్తకంతో ఖండాలు దాటిన ఈ శిలీంధ్రం వలన 501 ఉభయచర జాతులు క్షీణించాయని, వాటిలో 90 అంతరించిపోయి ఉంటాయని 2019లో శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు.

ఈ మూడు కథలలోను నేరస్థుడు కప్ప కాదు, బూజూ కాదు. అవి తమ స్వభావాన్ని అనుసరించాయి. వాటిని వాటి చోటు నుండి పెకలించి, ఎదురులేని చోట దింపినది మనిషి చేయి. ఒక జీవి మిత్రమా, శత్రువా అనేది దాని రూపం వల్ల గాని, జాతి వల్ల గాని నిర్ణయం కాదు. అది ఉన్న చోటు వల్ల, చుట్టూ ఉన్న పొరుగువారి వల్ల, దానిని అక్కడికి చేర్చినవారి వివేకం వల్ల నిర్ణయమవుతుంది. ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన సారాంశం ఇదే.

మందు ఎవరికి తగులుతుంది?

అగ్గితెగులుకు వాడే మందులలో ట్రైసైక్లజోల్ ప్రసిద్ధమైనది. ఇది శిలీంధ్రాన్ని నేరుగా చంపదు. అది మెలనిన్ తయారుచేసుకునే మార్గాన్ని అడ్డుకుంటుంది. మెలనిన్ లేని బుడిపె ఒత్తిడి నిలుపలేక, ఆకులోనికి దిగలేక ఓడిపోతుంది. జంతువులు మెలనిన్‌ను వేరొక మార్గంలో, టైరోసిన్ అనే పదార్థం నుండి తయారు చేసుకుంటాయి. కనుక రెండు జీవుల నలుపు ఒకటే అయినా, ఆ నలుపు పుట్టే దారులు వేరు. పోలికలోని భేదాన్ని ఇంత సూక్ష్మంగా తెలుసుకున్నందునే ఇటువంటి మందు ఎలా పనిచేస్తున్నదో మనకు బోధపడింది.

అంతమాత్రాన మందును ఇష్టానుసారం చల్లవచ్చునని అర్థం కాదు. 2017లో యూరప్ దేశాల సమాఖ్య, బియ్యంలో ట్రైసైక్లజోల్ అవశేషం కిలోకు 0.01 మిల్లీగ్రాము మించరాదని నిర్ణయించడంతో మన బాస్మతి ఎగుమతికి చిక్కు వచ్చింది. ఇక పొలంలో చల్లేది ఈ ఒక్క మందే కాదు. పురుగుల కోసం, కలుపు కోసం చల్లినవన్నీ మడి నీటిలోనే చేరుతాయి. ఆ నీటిలో తోకకప్ప ఉన్నది. చర్మం ద్వారానే నీటిని పీల్చే జీవులని ముందు చెప్పిన మాటను ఇక్కడ జ్ఞాపకం చేసుకోవాలి. కప్పలకు, చేపలకు విషప్రాయమైన ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు 2011లో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో మన దేశంలో ఆగిపోయే వరకు ఎన్ని మడులలో కలిసిందో ఊహించుకోవచ్చు. కాపలాదారుని చంపి దొంగకు వల పన్నడం వివేకం అనిపించుకోదు. నిరోధక శక్తి గల రకాలు ఎన్నుకొనడం, ఆరోగ్యమైన విత్తనం వాడడం, నత్రజనిని దఫదఫాలుగా మితంగా వేయడం, గట్ల మీది కలుపును తొలగించడం, తెగులు నిజంగా కనిపించినప్పుడే తగిన మోతాదులో మందు చల్లడం – వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పే ఈ పద్ధతులు పైరుతో పాటు కప్పకు కూడా రక్షణ.

విద్యార్థులకు, కార్యవర్గ పెద్దలకు ఒక మనవి

నగరవాసులమైన మనకు పొలం దూరం కాబట్టి ఇదంతా పరుల సమస్య అని కొందరు భావించవచ్చు. నాంపల్లి భోజనశాలలలో వడ్డించే బిర్యానీ మెతుకు, కోఠిలో విద్యార్థి కొనుక్కునే పాకెట్టు అన్నం ఏదో ఒక మడిలో అగ్గితెగులును దాటి వచ్చినవే. మన ప్రాంతంలో కాంక్రీటు పెరిగి, నీటి గుంటలు తరిగిపోయిన కొద్దీ గోదురుకప్ప నివసించే తావు కూడా తరిగిపోతున్నది.

ఒకప్పుడు జంతుశాస్త్ర విద్యార్థికి కప్ప అంటే మైనపు పళ్ళెంలో మేకులు గుచ్చి కోయవలసిన వస్తువు. విశ్వవిద్యాలయ ధన సహాయ సంఘం 2011లోను, తిరిగి 2014లోను ఇచ్చిన ఆదేశాల ఫలితంగా ఆ పద్ధతి కళాశాలల నుండి తొలగింది. కోయడం మానినంత మాత్రాన చూడడం కూడా మానవలసిన అవసరం లేదు. కార్యవర్గ పెద్దలు దయచేసి కళాశాల ఆవరణలో ఒక మూల కొద్దిపాటి నేలను సిమెంటు చేయక విడిచిపెట్టి, అక్కడ వాననీరు నిలిచే చిన్న గుంటను, ప్రక్కన నాలుగు తొట్లలో వరి నారును ఉంచే ఏర్పాటు చేయవలసినదిగా కోరుతున్నాము. గుంటలో దోమపిల్లలు పెరగకుండా వారానికొకసారి పరిశీలించే బాధ్యతను విద్యార్థులే వహించవచ్చు. జంతుశాస్త్ర విద్యార్థులు గుంటను, వృక్షశాస్త్ర విద్యార్థులు నారును వానాకాలం పొడుగునా గమనించి, తేదీలవారీగా తమ తమ భాషలో, ఉర్దూలో గాని తెలుగులో గాని, వ్రాసి ఉంచాలి. ఏ రోజు కప్పలు అరిచాయి, ఏ రోజు గ్రుడ్ల దండ కనిపించింది, ఏ రాత్రి మంచు పడింది, ఏ ఉదయం ఆకు మీద నూలుకండె మచ్చ తేలింది – ఈ వివరాలు కొన్ని సంవత్సరాలు పేరుకుంటే అవి ఏ పాఠ్యగ్రంథంలోనూ లేని విలువైన సంపద అవుతాయి. ఒక విభాగంవారు వ్రాసినది రెండవ విభాగంవారు చదవాలి. ఒకే సంచికలో రెండు భాషలకు చోటిచ్చిన మన కళాశాలకు, ఒకే పుస్తకంలో రెండు శాస్త్రాలకు చోటివ్వడం కష్టమైన పని కాదు.

గోదురుకప్ప అందవిహీనమని రాయి విసిరేవారు, శిలీంధ్రం కనిపించదు గనుక లేదనుకునేవారు మన చుట్టూ చాలామంది ఉన్నారు. కంటికి నచ్చనిదానిని ద్వేషించడం, కంటికి కనిపించనిదానిని ఉపేక్షించడం రెండూ అజ్ఞానపు ముఖాలే. శాస్త్ర విద్యార్థి అయినవాడు తీర్పు చెప్పడానికి ముందు ఆ జీవి ఎక్కడిది, ఏమి తింటున్నది, దానిని ఎవరు తింటున్నారు, ఇక్కడికి ఎలా వచ్చింది అని నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ ప్రశ్నలకు సమాధానం వెదకే అభ్యాసం అలవడితే, వచ్చే తొలకరిలో దీపస్తంభం క్రింద కూర్చున్న గోదురుకప్పను చూచి ప్రక్కకు తప్పుకుని దారి ఇచ్చే సంస్కారం తనంతట తానే అలవడుతుంది.